నల్లా వచ్చే రాత్రి

దినం తప్పి దినం మా అడ్డగుట్టకు
రాత్రి రెండుంబావుకు నల్లా వస్తది.
అలారం అక్కర్లేదు.
ముందుగాల ఉత్త గాలి బుస్సుమంటది,
గల్లీ అంతా లేస్తది.

తొమ్మిదో నెల పడ్డంక నన్ను బిందె ఎత్తనియ్యలే.
"పైపు పట్టుకోని నిలబడు, సాలు" అన్నది అత్త.
నిలబడ్డ.
నీలం డ్రమ్ము సగమైంది.
ఎవరో మోటరు పెట్టిండ్రని
పై మెట్ల మీదికెల్లి ఎవరో తిడుతున్నరు.

అప్పుడు కాళ్ల మీద నీళ్లు.
డ్రమ్ము పొర్లిందనుకున్న. పొర్లలే.
పైపు జారిందేమో చూసిన. జారలే.
డిసెంబర్ల నల్లా నీళ్లు కాలు కొరుకుతయి,
ఇవి వెచ్చగున్నయి.
ఉచ్చ పడ్డదేమోనని సిగ్గుతోని బిగబట్టిన.
ఉచ్చయితే ఆగాలె గద.
ఇది నన్ను అడగకుండనే పోతున్నది.

ఆండాలమ్మ, మా బస్తీ ఆశా,
మొన్ననే గడపల కూసోని చెప్పింది:
"నొప్పుల కోసం చూడొద్దు పిల్లా.
నీళ్లు పోయినయంటే తలుపు తీసిపెట్టినట్టే,
ఎంతసేపు తీసిపెడితే అంత భయం.
టైము చూస్కో.
తెల్ల బట్ట పెట్టుకో, రంగు చూడు, వాసన చూడు.
తేటగున్నా దవాఖానకు రావాలె.
పచ్చగనో ఎర్రగనో ఉంటే
చెప్పులు కూడ దేవులాడొద్దు.
తాడులెక్క ఏదన్న కిందికి జారితే
నడవకు, పక్కకు ఒరిగి పండుకో,
నూట ఎనిమిదికి ఫోన్ కొట్టుమను."

ఫోన్ లైటు కింద బట్ట చూసిన.
తేటగున్నయి.
రెండు ముప్పై ఐదు.
బాలానగర్ల నైట్ డ్యూటీల ఉన్న మా ఆయన
లేతు మిషిను చప్పుడుల ఫోన్ ఎత్తలే.

"నొప్పులే రాలేదు గదనే" అన్నది అత్త,
"తెల్లారనీ. తానం చేసి ఇంత చాయ తాగి పోదువు.
నేనైతే రెండు దినాలు ఆగిన."

మా అత్త ఎప్పుడడిగినా ఐదు కాన్పులంటది.
పేర్లు మాత్రం నాలుగే చెప్తది.
ఆరేండ్ల సంది ఇంటున్న,
ఎన్నడూ లెక్క సరిచూడలే.

"రెండు దినాలు ఆగింది ఏ కాన్పుకత్తా?"

పైపుల నీళ్లు పడుతున్న చప్పుడు.
అత్త నా దిక్కు చూడలే.
వంగి
నల్లా కట్టేసింది.
డ్రమ్ము నిండకముందే,
నీళ్లు ఇంకా వస్తుండంగనే.

"ఖుర్షీదూ, నీ కొడుకును లేపు!"

మోయిజ్ ఆటోల వెనక సీటు మీద
అత్త తన ఉన్ని శాలువ పరిచింది.
తుకారాంగేటు, మెట్టుగూడ,
చిలకలగూడల కుక్కలు తప్ప ఎవరూ లేరు.
స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మోయిజ్
"మాఫ్ కరో భాబీ" అనుకుంట పోనిచ్చిండు.
మూడో బ్రేకర్ కాడ కడుపుల కాలు తన్నింది.
అత్త చెయ్యి అక్కడ్నే ఉండె.
ఇద్దరం ఏమీ అనలే.

గాంధీల డ్యూటీ డాక్టరమ్మ, చిన్న పిల్ల,
పెన్ను మూత పండ్ల మధ్య పెట్టుకోని అడిగింది,
నీళ్లు ఎప్పుడు పోయినయమ్మా?
"రెండు ముప్పై ఐదు. నల్లా వచ్చిన ఇరవై నిమిషాలకు."
ఎన్ని పోయినయ్?
"చెంబుకు తక్కువ, గిలాసకు ఎక్కువ."
తల ఎత్తి చూసింది నన్ను.
ఏం చూస్తవమ్మా,
పుట్టిన కాడికెల్లి మేం కొలిచేదే నీళ్లు.

కాయితం మీద రాసింది.
పేరు లేదు, ఆడో మగో తెల్వది,
నా బిడ్డ గురించి లోకం రాసిన మొదటి మాట
ఒక టైము.

బయట బెంచీ మీద అత్త
కవర్ల చుట్టిన తెల్ల బట్టను
పోయే సిస్టరుకల్లా సూపిస్తున్నది,
"తేటగున్నయి గద బిడ్డా, తేటనే గద?"

నొప్పులు ఇంకా రాలే.
ఎల్లుండి రాత్రి మళ్ల నల్లా వస్తది.
డ్రమ్ము సగమే ఉన్నది.
పైపు ఎవరు పట్టుకుంటరో.